బోర్డు మీద శిక్ష

ఈ రోజు బీఈడీ ప్రాక్టీస్ టీచింగులో నా చివరి పాఠం. వెనక బెంచీలో సూపర్‌వైజర్ మేడమ్ మార్కులు వేస్తూ కూర్చున్నారు. తెలుగు పీరియడులో హిందీ మాట్లాడిందని అప్పటికే ఒక అమ్మాయిని నిలబెట్టాను. ఆ తర్వాత బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశాను: “శిక్ష ప్రతి బిడ్డ హక్కు.”

“మేడమ్, నా హక్కు నాకు అందేసింది. ఇంక కూర్చోనా?” అంది ఆ అమ్మాయి.

క్లాసంతా నవ్వాక గానీ నాకు వెలగలేదు. చదువు అని రాయాల్సిన చోట హిందీ ‘శిక్షా’ను దించేశాను. ఢిల్లీలో పుట్టి పెరిగిన తెలుగు మరి.

“కూర్చోమ్మా” అన్నాను, తలెత్తకుండా. సూపర్‌వైజర్ మేడమ్ మాత్రం నవ్వలేదు.

బస్సులో సీటు దొరికినా సాకేత్‌లో మా స్టాపు దాకా నిలబడే వచ్చాను. ఇంకా ఎంతసేపు నిలబడాలో మీరే చెప్పండి.