రేవెన్‌స్కేల్ వారి రాయి

జాబెజ్ టెనంట్ రాతిని ఇసుకతో నునుపు చేసి, గీతలు గీసి, ఉలి పక్కన పెట్టేశాడు. ఇంటిపేరు ఎక్కడ పుట్టిందో తేలందే సమాధిరాయి మీద ఆ పేరు చెక్కని మనిషి ఆయన.

యార్క్‌షైర్ కొండల్లోని ఆ ఊళ్ళో ఆయన బారిన పడనివాళ్ళు లేరు. మాంసం కొట్టు షీప్‌షాంక్స్ మహా లావుపాటి మనిషి. షీప్‌షాంక్స్ తండ్రి సమాధిరాయి చెక్కే రోజుల్లో, కొట్టు నిండా జనం ఉండగా, షీప్‌షాంక్స్ అంటే గొర్రె కాళ్ళు, మీ మూలపురుషుడివి అవేనట, ప్యాంటు కాస్త పైకి తియ్యి, ఇంకా ఏమైనా మిగిలాయేమో చూస్తానన్నాడు జాబెజ్. ఆ తర్వాత షీప్‌షాంక్స్ ఎంత ఎండలోనూ పొట్టి లాగు తొడగలేదు.

ఇప్పుడు చిక్కింది హిల్డా రేవెన్‌స్కేల్. తమ్ముడు విల్‌ఫ్రెడ్ పోవడంతో ఆ ఇంటిపేరుకు ఆవిడొక్కతే మిగిలింది. శనివారం హల్ పట్నంలో ఉన్న పిన్ని కూతురి దగ్గరికి వెళ్ళిపోతోంది. నొప్పుల మోకాళ్ళతో మళ్ళీ వచ్చేది లేదు. వెళ్ళేలోగా తమ్ముడి రాయి నిలబడగా చూడాలి.

"రేవెన్ అంటే బొంతకాకి. స్కేల్ అంటే గొర్రెల కాపరుల గుడిసె," అన్నాడు జాబెజ్ సోమవారం.

"కాకుల గుడిసె అని బళ్ళో వెక్కిరించినవాళ్ళలో నువ్వూ ఉన్నావు."

"ఉన్నాను. గుడిసెలో ఉన్నన్నాళ్ళూ ఆ పేరు రాదు హిల్డా. అక్కణ్ణించి దిగి ఇంకో ఊళ్ళో బతికితేనే ఫలానా చోటివాడంటారు. ఎక్కణ్ణించి దిగారో తేలాలి."

"రాయి చెక్కమన్నాను, చరిత్ర చెప్పమనలేదు."

మంగళ, బుధవారాలు పనిపాకకు తాళం. పాత పటం పట్టుకుని వానలో కొండలెక్కుతున్నాడని ఊళ్ళో చెప్పుకున్నారు. హిల్డా పక్క ఊరి రాతిపనివాణ్ణి అడిగితే మూడు వారాలు పడుతుందన్నాడు. గురువారం మూసిన పాక తలుపు ముందు నిలబడి, టెనంట్ అంటే కౌలుదారు కాదు, వెధవ అని ఆవిడ గట్టిగా అర్థం చెప్పింది. లోపల ఉలి చప్పుడు ఆగలేదు.

శుక్రవారం సాయంత్రం పాదిరీ కబురు పంపితే సమాధి దగ్గరికి వెళ్ళింది. అక్కడ ఉన్నది తను ఎంచుకున్న రాయి కాదు. గోధుమరంగు మొరటు బండ, పై అంచు నడిమధ్య పల్లంగా దిగిపోయి ఉంది. అక్షరాలు మాత్రం లోతుగా, తీరుగా ఉన్నాయి.

"ఏమిటిది?" అంది రాయి ముందున్న జాబెజ్‌తో.

"మీ గడప. పైన వాగు పక్క పొలాన్ని ఇప్పటికీ రేవెన్‌స్కేల్ అనే పిలుస్తున్నారు. పునాదీ, ఈ రాయీ మిగిలాయి. రైతు ట్రాక్టర్ మీద తెచ్చిచ్చాడు. ఆ అరుగుదల మీవాళ్ళ కాళ్ళది. సరిచెయ్యమన్నాడు పాదిరీ, నేను ముట్టలేదు."

హిల్డా ఆ పల్లంలో అరచెయ్యి ఆనించి చాలాసేపు తియ్యలేదు.

"గుడిసెకు రాతి గడప ఉంటుందా?"

"ఉండదు. ఇల్లే. నాలుగు గదులు. అడుగులతో కొలిచాను."

ఆవిడ అక్షరాలన్నీ వేలితో తడిమి చూసింది. ఎక్కడా పెచ్చు లేవలేదు. కింద సగం రాయి ఖాళీగా ఉందేమని అడిగింది.

"అది నీకు. తొందరేం లేదు," అని జాబెజ్ గుడ్డతో పొడి తుడిచి, సుత్తి సంచిలో వేసుకుని, రాయి ముందు నుంచి పక్కకు తప్పుకున్నాడు.