గిట్టకు రావలసిన రోజులు

పోయినవి ఇవి: ఒక తెల్ల ఆడ గుర్రం, పొద్దున్నే దానితో చిచ్చా ఆడే ముచ్చట్లు, మా గల్లీలో డెక్కల చప్పుడు. నిన్న ఎవరో పాత పెళ్లి వీడియో ఫోనుకు పంపితే మళ్లీ లెక్క వేశాను. నలభై సెకన్ల వీడియో. అందులో గుర్రం కుడి ముందు కాలు పదమూడు సార్లు ఎత్తుతుంది. కింద 'సూపర్ డ్యాన్స్' అని రాసి మూడు చప్పట్ల బొమ్మలు పెట్టారు. చూసిన కొద్దీ ఒళ్లు మండింది.

ఖిలా వరంగల్‌లో మా ఇంటి పక్క రేకుల షెడ్డులో ఉండేది ఆ గుర్రం. దాని యజమానిని మా నాన్న 'తమ్ముడూ' అని పిలిచేవాడు కాబట్టి ఆయన నాకు చిచ్చా, చిన్నాన్న. పెళ్లి ఊరేగింపులే ఆయన బతుకు. నా మీద కన్నా గుర్రం మీదే ఆయనకు గౌరవం ఎక్కువ. నన్ను 'ఒరేయ్' అనేవాడు, దాన్ని 'బేటీ' అనేవాడు. ఆ ఏడు శ్రావణంలో వాన వదలలేదు. షెడ్డు నేల ఆరలేదు. గుర్రం కుడి ముందు గిట్టలోంచి కుళ్లిన ఉల్లిగడ్డల వాసన మొదలైంది.

పశువుల దవాఖాన డాక్టరమ్మ వచ్చి, గిట్ట అడుగున కోసి నల్లటి చీము తీసింది. "ఇది గాలి తగలని చోట బతికే బ్యాక్టీరియా. మూసిపెడితే లోపలికి పోతది. రోజూ కడిగి మందు పెట్టుర్రి. ఇరవై ఒక్క రోజులు పొడి నేల మీదనే ఉంచుర్రి" అంది. పేరడిగి కాగితం మీద రాయించుకున్నాను: ఫ్యూజోబ్యాక్టీరియం. నాది ఏడో తరగతి చదువు. లెక్కలు ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాల తూకం దగ్గర సొంతంగా నేర్చుకున్నవి. ఎవరైనా ఒక అంకె చెబితే వదలను. షెడ్డు తలుపు మీద రోజుకొక సుద్దగీత గీశాను.

నాలుగో గీత గీసిన నాడు బ్యాండు మేళం యజమాని వచ్చాడు.

"రేపు బారాత్ ఉంది చిచ్చా."

"కాలు బాగలేదు సేటు. జర ఆగు."

"పెండ్లికొడుకును ఆటోల తోల్కపోవాల్నా? నువ్వు రాకుంటే ఇంకో గుర్రం దొరుకుతది. మళ్ల నా మొకం చూడకు."

"డాక్టరమ్మ ఇరవై ఒకటి చెప్పింది. నాలుగే అయినయ్" అన్నాను.

"నువ్వు వోయి మిర్చి బస్తాలు లెక్కవెట్టుకో అన్నా" అని నవ్వాడు. చిచ్చా తల దించుకున్నాడు. ఏడాదిలో ఆయనకు వచ్చే పెళ్లిళ్లన్నీ ఆ మేళంతోనే. మేళం యజమాని తన చేత్తోనే పుండులో దూది కూరి, పైన తారు పూసి, నాలుగు గిట్టలకూ వెండి రంగు వేయించాడు. రంగు వేస్తే నాలుగూ ఒక్క తీరుగానే మెరిశాయి.

మర్నాడు డప్పులు మోగుతుంటే గుర్రం నొప్పికి కాలెత్తింది. "అరె, బీటుకు స్టెప్పేస్తాంది సూడుర్రా!" అని పెండ్లికొడుకు దోస్తులు ఈలలు వేశారు. దరువు పెంచమన్నారు. కళ్లెం పట్టుకున్న చిచ్చా దాని చెవిలో "జర ఓపిక పట్టు బేటీ" అంటున్నాడు. నేను వెనక నడుస్తూ ఎత్తిన కాలును లెక్కపెట్టాను. అడ్డం పోయి ఆపలేదు. ఆ కోపం నా మీద కూడా ఉంది.

బారాత్ అయిన ఆరో రోజుకు గుర్రం లేవలేదు. డాక్టరమ్మ వెండి రంగు గీకి, తారు ఊడదీసింది. చీము ఎముక దాకా పోయింది. "ఎవరు మూసిన్రు?" అని అడిగింది. ఇక బతకదని ఆ సాయంత్రం సూదిమందుతో దాని బాధ తీర్చింది. చిచ్చా మరో గుర్రాన్ని తేలేదు.

షెడ్డు తలుపు మీద వాన పడదు. ఆ నాలుగు గీతలు అట్లనే ఉన్నాయి. ఏళ్లు ఎన్ని గడిచినా ఇరవై ఒకటిలోంచి నాలుగు తీసేస్తే వచ్చే అంకె మారదు: ఆ గుర్రానికి ఇంకా పదిహేడు రోజులు బాకీ ఉన్నాం.