నున్నగా కోసిన గట్టు

పురుగుమందు కొట్టని పొలం పెద్దాయనకి పొగరెక్కి ఎవరినీ పలకరించడం లేదంటున్నారు. పొగరు కాదండీ, సిగ్గు. పిట్టలుంటే పురుగుల సంగతి అవే చూసుకుంటాయని అవి గూళ్లు పెట్టుకునే గట్ల మీద గడ్డిని ఏనాడూ కొయ్యనివ్వలేదాయన. పొద్దున్నే చెప్పులు చేత్తో పట్టుకుని, పిట్టలు బెదరకుండా ఆ పక్కన నడిచేవాడు. మొన్న వియ్యంకుడొచ్చి, "పొలమా ఇది, గడ్డం గీయించుకోని మొహమా బావగారూ?" అన్నాడు. పెద్దాయనా నవ్వేసి, మర్నాడే కొడవలితో గట్టంతా నున్నగా కోసేశాడు. పిడికిట్లో గడ్డితో పాటు గూడొకటి వచ్చింది. ఈకలైనా రాని పిల్లలు ఆయన్నే మేత అడుగుతూ నోళ్లు తెరిచాయి. గూడుని పక్క పొదలో పెట్టినా తల్లి రాలేదు, పిల్లలు దక్కలేదు. "గడ్డి మళ్లీ మొలుస్తుంది లెండి," అంది భార్య. "ఒక్క మాటకి ఇంత పని చేశానే," అన్నాడు తల దించుకుని. అటెళ్తే కాస్త కూర్చుని పలకరించి రండి. గట్టు శుభ్రంగా ఉందని మాత్రం అనకండి.