బస్సు ఉండాదని చెప్పిన రోజు

నా చిన్నప్పుడు హిందూపురం రైల్వేస్టేషను ముందర ఒక మధ్యాహ్నం జరిగిన సంగతి ఇది. దగ్గరికి జరిగి కూర్చోండి, నా గొంతు ఇప్పుడు అంత దూరం పోదు. ఈ కాలం పిల్లలు సంపాదించిన నాలుగు డబ్బులతో దేశాలు చూసి వస్తున్నారు, సంతోషమే. భాష రాని ఊళ్ళో ఒంటరిగా దిగిన మనిషి గుండె ఎట్లా ఉంటుందో నేను మొదట చూసింది ఆ రోజే. తలుచుకుంటే ఇప్పటికీ తల వంగిపోతుంది.

మా నాయనకు జట్కాబండి ఉండేది. స్టేషను ముందర బండ్లవాళ్ళలో ఒక కట్టుబాటు ఉండేది. రైలు దిగినవాళ్ళ సంచి ఎవరి బండిలో పడితే ఆ బాడుగ వాళ్ళదే. ఇక రెండోవాడు నోరు తెరవకూడదు, బేరం చెడగొట్టకూడదు. గొడవలు రాకుండా పెట్టుకున్న పద్ధతి, మంచిదే. కానీ ఒక్కోసారి అది అక్కడున్న అందరి నోళ్ళూ కట్టేసేది. రోడ్డుకు అవతల మా అవ్వ, అంటే నాయనను కన్నతల్లి, గంపలో బొరుగులూ వేయించిన శనక్కాయలూ పెట్టుకుని అమ్మేది.

ఆ రోజు నేను నాయనకు సంగటి తీసుకుని బస్టాండు మీదుగా నడిచి వచ్చాను. అప్పటికే బెంగళూరు రైలు వచ్చి ఉంది. అందులోంచి ఒక దొరసాని దిగింది, వెంట ఎవరూ లేరు. ఎండకు ముఖం కందిపోయింది, వీపున మోయలేనంత సంచి. బండ్లవాళ్ళు చుట్టూ మూగారు. "ఏమప్పా, ఈయమ్మను పాలల్లో నానబెట్టినారా ఏమి?" అని ఒకడంటే తక్కినవాళ్ళు నవ్వారు. ఆ నవ్వు దేనికో ఆమెకేం తెలుసు? ఒక్కొక్కరి ముఖమూ చూస్తూ వెనక్కి జరిగింది. సాయం పట్టినట్టే పట్టి మా నాయన ఆ సంచి దించి తన బండిలో పెట్టేశాడు.

"లేపాక్షి. బస్," అందామె.

మా నాయన చేయి అడ్డంగా ఊపాడు. "నో బస్సు. బస్సు లేదు."

నేను లేపాక్షి బస్సును అప్పుడే చూసి వచ్చాను. దాని మీదికి కోళ్ళగంపలు ఎక్కిస్తున్నారు. మా నాయన గుర్రం లేపాక్షి దాకా పోయేదీ కాదు. బజారులో బాడుగకారు పెట్టుకున్న మనిషొకడు ఉండేవాడు, ఇట్లాంటివాళ్ళను అతని దగ్గరికి చేరిస్తే నాయన చేతిలో కొంత పడేది. అది నాకు పెద్దయ్యాక తెలిసింది.

ఆమె నమ్మలేదు. పక్క బండివాణ్ణి అడిగింది, అతను బీడీ వెలిగించుకున్నాడు. టీ అంగడి ఆయనను అడిగింది, ఆయన గ్లాసులు కడుక్కున్నాడు. సంచి మా నాయన బండిలో పడింది, ఇక ఎవరు చెబుతారు? ఆమె బండీ ఎక్కలేదు, సంచి వదిలీ పోలేదు. బండిచక్రం పట్టుకుని అట్లాగే నేల మీద కూర్చుండిపోయింది. ఏడ్చిందని చెప్పను. చక్రం మాత్రం వదలలేదు.

మా అవ్వ గంప మీద గుడ్డ కప్పి రోడ్డు దాటి వచ్చింది.

"ఏమడుగుతాండాదిరా ఆయమ్మ?"

"నువ్వు పోమా. నా బేరం ఇది."

"ఏమడిగిందిరా అంటే?"

"లేపాక్షి బస్సంట. లేదని చెప్తి."

అవ్వ నా వైపు తిరిగింది. "పాపా, నువ్వు బస్టాండు మీదనే కదా వస్తివి. బస్సు ఉండాదా, లేదా?"

అందరూ నన్నే చూశారు. నేను నాయనను చూశాను. ఆయన చెప్పమనీ అనలేదు, వద్దనీ అనలేదు. గుర్రం మెడపట్టీ సర్దుతున్నాడు, అది బాగానే ఉంది. లేదంటే మా నాయన పరువు నిలుస్తుంది, ఆ దొరసాని ఎవరి పాలబడుతుందో తెలియదు. ఉందంటే ఆమె గండం గడుస్తుంది, మా నాయన నలుగురిలో అబద్ధాలకోరు అవుతాడు.

"ఉండాది," అన్నాను.

ఎవరో వెనక నుంచి కిసుక్కున నవ్వారు. మా నాయన తల ఎత్తలేదు.

అవ్వ నన్ను ఎత్తి తీసుకుపోయి ఆ దొరసాని ఒళ్ళో కూర్చోబెట్టింది. "నీ సంచి మా వాడు పెట్టుకున్నాడు, నా మనవరాలిని నువ్వు పెట్టుకో తల్లీ. నువ్వు క్షేమంగా తిరిగొచ్చినాకనే ఇద్దువు," అంది. ఆ మాటల్లో ఒక్కటీ ఆమెకు తెలిసి ఉండదు. అయినా ఇంటిబిడ్డను ఒళ్ళో పెట్టినవాళ్ళు మోసం చేయరని ఏ దేశపు ఆడమనిషికైనా తెలుస్తుంది కాబోలు. నా చెయ్యి గట్టిగా పట్టుకుని లేచింది.

మా నాయనే బండి తోలాడు, బస్టాండు దాకా. అవ్వ గంప కూడా తెచ్చి బండిలో పెట్టుకుంది, ముగ్గురమూ వెనక కూర్చున్నాము. నాకు ఆయన వీపు మాత్రం కనిపిస్తూ ఉండింది. బస్టాండులో బోర్డులన్నీ తెలుగు, కన్నడ. ఆమె వాటిని గోడలను చూసినట్టు చూసింది. అవ్వ ఆమెను ఆడవాళ్ళ మధ్య కూర్చోబెట్టి, సంచి వాళ్ళ కాళ్ళ దగ్గర పెట్టించింది. "ఏమప్పా కండక్టరూ, మా దగ్గర ఎంత తీసుకుంటావో ఈయమ్మ దగ్గరా అంతే తీసుకో. తిరుగుబస్సు యాడ నిలబడతాదో చూపించల్ల," అంది. దొరసాని నా చెయ్యి వదలలేదు. ఇక చేసేదేముంది, గంప నాయనకు అప్పజెప్పి అవ్వా ఎక్కింది. ఆ పూట ముగ్గురమూ లేపాక్షి బసవన్నను చూసి వచ్చాము.

తిరిగొచ్చేసరికి నాయన బస్టాండులోనే ఉన్నాడు. ఆమెను స్టేషనులో దింపాడు, బాడుగ ఇస్తే తీసుకోలేదు. ఆమె మన మాదిరిగానే రెండు చేతులూ జోడించింది. మా నాయన పక్కకు తిరిగి గుర్రానికి గడ్డి వేశాడు.

ఆ మరునాటి నుంచి బండ్లవాళ్ళు ఆయనకు ఆ మాటనే పేరుగా పెట్టేశారు. "ఏమప్పా, బస్సు ఉండాదీ, ఈపొద్దు బేరమేమన్నా తగిలెనా?" అని పిలిచేవాళ్ళు. నేను సంగటి తీసుకుపోయినప్పుడు కూడా పిలిచేవాళ్ళు. ఆ మాట నాది. నా నోట వచ్చిన మాటతో మా నాయనను ఎగతాళి చేస్తుంటే భూమిలోకి పోవాలనిపించేది. కొత్తవాళ్ళెవరైనా బస్సు సంగతి అడిగితే ఆ తర్వాత ఆయన బస్టాండు వైపు చెయ్యి చూపించేవాడు. నన్ను ఒక్కనాడూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. మంచాన పడ్డాక మా అవ్వ ఒకసారి నాతో అంది, "ఆ పొద్దు నిన్ను అడగకుండా నేనే చెప్పుండల్ల పాపా. బిడ్డ నోట చెప్పిస్తి."

మొన్నామధ్య చీర కొనడానికి ధర్మవరం పోయాను. స్టేషను బయట పుట్టపర్తికి పోయే విదేశీ మొగుడూ పెళ్ళాలను ఒక ఆటో పిల్లవాడు పట్టుకుని బస్సు లేదంటున్నాడు. నేను కర్ర పట్టుకుని పోయి, బస్టాండు ఎటో వాళ్ళకు చేత్తో చూపించాను. వాళ్ళు సంచులు ఎత్తుకుని పోయారు. "నీకేం పని అవ్వా, నా కడుపు మీద కొడతాండావు," అన్నాడు పిల్లవాడు. ఆటో అద్దం దగ్గర ఒక చిన్నపాప ఫోటో అతికించి ఉంది. ఆ పాప ఈ పూట ఇక్కడ లేదు, అంతే చాలు దేవుడా అనుకున్నాను.

భాష రాని చోట పిల్లలున్న ఆడవాళ్ళ పక్కన కూర్చోమని, నలుగురూ ఎక్కే బండే ఎక్కమని నా మనవరాళ్ళకు చెబుతుంటాను. మా అవ్వ నేర్పింది అది. తప్పు చేసిన మనిషిని ఆపాలి గానీ, వాళ్ళ బిడ్డను సాక్షిగా నిలబెట్టకూడదు. ఇది నాకు ఎవరూ నేర్పలేదు, మా నాయన వంచిన తలను చూసి నేర్చుకున్నాను.

మీ ఇంటినుంచి బయలుదేరినవాళ్ళు ఏ ఊరు పోయినా వాళ్ళకు నిజం చెప్పే మనిషి ఎదురుపడాలి. మీ గడప తొక్కిన కొత్తవాళ్ళు చల్లగా తిరిగిపోవాలి. మీ బిడ్డలు మీ ముఖం చూసి తల దించుకునే రోజు మీ ఇంట రాకూడదు తల్లీ.