‘సైకిలుకు లైటు లేదు’ అని రాసిన రిపోర్టు

1980 మార్చిలో న్యూజెర్సీలోని ఒక కౌంటీ ఇంజనీరింగ్ ఆఫీసులో అసిస్టెంట్ ట్రాఫిక్ ఇంజనీరుగా చేరాను. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. నా పైన ప్రిన్సిపల్ ఇంజనీరు హెరాల్డ్, ఆయన పైన కౌంటీ ఇంజనీరు. నాకు అప్పగించిన పని ప్రమాదాల ఫైలు. ఎక్కడ ప్రమాదం జరిగినా ఆ ఊరి పోలీసాఫీసరు ఒక ఫారం నింపుతాడు. ఒక కాపీ మా ఆఫీసుకి వస్తుంది. అందులో ఒక్కో వాహనానికి ‘కారణం’ అని ఒక గడి ఉంటుంది. అతివేగానికి ఒక కోడు, సిగ్నల్ దాటినందుకు ఒకటి, లైట్లు లేనందుకు ఒకటి. నేను ఆ కోడ్లు నమోదు చేసుకుని గోడమీది మ్యాపులో గుండుసూదులు గుచ్చేవాణ్ణి. ఒకేచోట సూదులు గుమిగూడితే ఆ రోడ్డుకెళ్లి వెడల్పు, వంపు, చూపు అందే దూరం కొలవాలి. తప్పెవరిదో తేల్చడం మన పని కాదని హెరాల్డ్ మొదటిరోజే చెప్పారు.

1981 అక్టోబరులో ఒక రిపోర్టు వచ్చింది. ఊరి పేరు రాయను, నేను అప్పట్లో అద్దెకున్న పిస్కాటవేకి ఎంతో దూరం కాదు. రెండు వరసల కౌంటీ రోడ్డు. రాత్రి పదిన్నరకి సైకిలు మీద వెళుతున్న ఒక స్త్రీని పికప్ ట్రక్కు గుద్దింది. ట్రక్కు కారణం గడిలో ‘ఏమీ లేదు’. సైకిలు కారణం గడిలో ‘లైట్లు లేవు’. డ్రైవరు చెప్పింది నాలుగు వాక్యాలు రాసుంది. చీకట్లోంచి సైకిలు ఒక్కసారిగా అడ్డం వచ్చిందట. ఆమె వాంగ్మూలం ఉండాల్సిన చోట ‘తీసుకోవడం వీలుపడలేదు’ అని ఉంది. వీలుపడదు మరి. ఆ సమయంలో ఆమె ఆపరేషన్ టేబుల్ మీద ఉంది.

ఆమె పేరు రూత్. ఇంటిపేరు చూడగానే గోదావరి జిల్లాలవాళ్లని తెలిసింది. కానీ నన్ను ఆపింది ఆ పేరు కాదు. ఆ ఏడాది అదే రోడ్డు మీద రాత్రిపూట సైకిలువాళ్లను గుద్దిన రిపోర్టులు అప్పటికే రెండు వచ్చాయి. ఒకరు వంటమనిషి, ఇంకొకరు ఆఫీసులు ఊడ్చే అతను. మూడింట్లోనూ తప్పు సైకిలుదే, మూడింట్లోనూ చెప్పింది డ్రైవరే.

ఒక శనివారం రూత్ గారిని చూడ్డానికి ఆస్పత్రికి వెళ్లాను. ఆమె రాత్రి డ్యూటీ నర్సుగా పనిచేసే ఆస్పత్రిలోనే, తన వార్డుకి పై అంతస్తులో, కటి ఎముక విరిగి పడుకుని ఉన్నారు. నలభై దాటిన మనిషి. ఇంట్లో ఉన్న ఒక్క కారూ భర్త ఫ్యాక్టరీ షిఫ్టుకి తీసుకెళతారు. తొమ్మిది దాటితే ఆ దారిలో బస్సు లేదు. అందుకని మూడేళ్లుగా సైకిలు. నా ఉద్యోగం చెప్పి, లైటు సంగతి అడిగాను. ఆమె ముఖం ఎర్రబడింది.

“లైటు లేదా? ఎవరన్నారండీ ఆ మాట? వెనకాల ఎర్రలైటు వెలుగుతుందో లేదో వంగి చూసుకోకుండా నేను ఏనాడూ సైకిలెక్కలేదు. ముందరి లైటూ ఉంది.”

జరిగింది ఆమే చెప్పారు. ట్రక్కు మొదట వెనకాల హారన్ కొడుతూ వచ్చింది. డ్రైవరు అద్దం దించి రోడ్డు దిగమని అరిచాడు. ఇంకో మాట కూడా అన్నాడట, అది నాతో చెప్పలేదు. దాటి వెళ్లి, ముందు ఆగి, ఆమె దగ్గరికి వచ్చేదాకా కాచుకుని, మళ్లీ వెంటపడ్డాడు.

“వాడు హారన్ కొట్టినప్పుడల్లా నేను పక్కకి జరిగానండీ. నేను జరిగినకొద్దీ వాడు ఇంకా దగ్గరికొచ్చాడు. చివరికి తెల్లగీత కూడా దాటి కంకరలోకి వచ్చేశాను. ఇంకెక్కడికి జరగను?”

ట్రక్కు పక్కనుండే అద్దం ఆమె భుజానికి తగిలింది. సైకిలుతో సహా రోడ్డు పక్క కాలవలో పడ్డారు. వెనకనుంచి ఇంకో కారు రాబట్టి ట్రక్కు ఆగింది. లేకపోతే ఆగేది కాదని ఆమె నమ్మకం. పోలీసుకి ఫోన్ చేసింది అతనే, మొదట మాట్లాడిందీ అతనే.

లేచి రాబోతుంటే ఆమె దిండు కిందనుంచి ఒక కాగితం తీసి ఇచ్చారు. లైటు లేకుండా సైకిలు నడిపినందుకు మునిసిపల్ కోర్టు సమన్లు. ఎముక విరిగి మంచం మీదున్న మనిషికి జరిమానా టికెట్ ఇచ్చారు! నలభై ఏళ్లు దాటినా ఇప్పటికీ ఆ కోపం తగ్గలేదు.

సోమవారం ఆ ఊరి పోలీస్ స్టేషన్‌కి వెళ్లి సైకిలు చూపించమని అడిగాను. రోడ్డు సర్వేకి అలా అడగడం మామూలే కనుక సార్జెంట్ అభ్యంతరం చెప్పలేదు. షెడ్డు మూలలో చీటీ కట్టి పడేసి ఉంది. ముందు, వెనక రెండు లైట్లూ ఉన్నాయి, రెండింటి మీటలూ ‘ఆన్’ వైపే ఉన్నాయి. వెనక లైటు ఎర్రగాజు, లోపలి బల్బు గాజు పగిలిపోయాయి. ఫిలమెంటు మాత్రం నిలిచి ఉంది. అంతకు ముందు ఏడాది ప్రమాదాల దర్యాప్తు మీద నన్ను ఒక వారం శిక్షణకి పంపారు. అక్కడ నేర్పిన విషయం ఇది: ఆరిపోయి ఉన్న బల్బు పగిలితే ఫిలమెంటు తళతళ మెరుస్తూనే ఉంటుంది. వెలుగుతున్న బల్బు పగిలితే, ఎర్రగా కాలుతున్న ఆ తీగకి గాలి తగిలి నల్లబడుతుంది, పక్కన పసుపు కలిసిన తెల్లటి పొడి అంటుకుంటుంది. భూతద్దం పెట్టి చూశాను. తీగ నల్లగా ఉంది. పొడి ఉంది. గుద్దిన క్షణంలో ఆ లైటు వెలుగుతూ ఉంది.

దేన్నీ ముట్టుకోలేదు. సార్జెంట్ ఎదుటే ఫొటోలు తీసి, ఆ లైటుని విడిగా భద్రపరచమని రాసిచ్చి వచ్చాను. మా పద్ధతి ప్రకారం బయటికెళ్లే ఏ మెమో అయినా ప్రిన్సిపల్ ఇంజనీరు సంతకంతోనే వెళ్లాలి. కోర్టుకి పంపడానికి నేను రాసిన మెమో హెరాల్డ్ చదివి, కళ్లజోడు తీసి, ఆమె నీ బంధువా అని అడిగారు. కాదన్నాను. అయితే ఇది మన పని కాదన్నారు. అది కూడా రోడ్డు మీదే జరిగింది కదా అన్నాను. ఆయన సంతకం పెట్టలేదు. సీనియర్ ఇంజనీరు పోస్టుకి నా ఇంటర్వ్యూ వచ్చే నెలలో ఉందని మాత్రం గుర్తుచేశారు.

కోర్టులో హియరింగ్ రోజు సెలవు పెట్టాను. ఆఫీసు తరఫున కాదు, సాక్షిగా వెళ్లాను. రూత్ గారిని భర్త చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. ట్రక్కు డ్రైవరు ఇస్త్రీ చొక్కా వేసుకుని, మర్యాదగా, లైటు చూడలేదని చెప్పాడు. నేను ఫొటోలు చూపించి ఫిలమెంటు సంగతి వివరించాను. ప్రాసిక్యూటరు నా అర్హతని ప్రశ్నించాడు. నా ఇంగ్లీషు యాసనీ సరదాగా ప్రస్తావించాడు. జడ్జి అతన్ని ఆపి, రిపోర్టు రాసిన పోలీసాఫీసరుని ఒకే ప్రశ్న అడిగారు: లైటు మీట చూశావా? చూడలేదన్నాడు. సైకిలు కాలవలో ఉందట, చీకటిగా ఉందట, లైటు లేదని డ్రైవరు చెప్పాడట.

టికెట్ కొట్టేశారు. అంతే. డ్రైవరుకి తర్వాత ‘అజాగ్రత్త’ కింద ఒక మామూలు టికెట్ ఇచ్చారు. వెంటపడటం, కాచుకుని ఉండటం, అరవటం, వీటికి సాక్షి రూత్ గారు ఒక్కరే కనుక ఏ కాగితంలోకీ ఎక్కలేదు. కోర్టు బయట అతను అదే ట్రక్కు ఎక్కి వెళ్లిపోవడం నేనూ ఆమే చూశాం. “పోనీలెండి తమ్ముడూ” అన్నారామె. నాకు మాత్రం పోనివ్వాలనిపించలేదు.

సీనియర్ పోస్టు ఆ ఏడు నాకు రాలేదు. నా పనితీరు మీద వార్షిక నివేదికలో ‘పరిధి దాటతాడు’ అని రాశారు. అయినా ఆ మూడు గుండుసూదులున్న రోడ్డుకి టేపు పట్టుకుని వెళ్లాను. తెల్లగీత దాటితే పట్టుమని జానెడు తారు కూడా లేదు, అంతా కంకర. ఈసారి హెరాల్డ్ ఒక మాట చెప్పారు: డ్రైవర్ల గురించి రాయకు, వెడల్పు గురించి రాయి, సంతకం పెడతాను. పెట్టారు. రెండేళ్ల తర్వాత అక్కడ అంచు తారు వెడల్పు చేశారు. ఆ ఫైలు మొత్తంలో మనిషిని తరిమిన మనిషి ప్రస్తావన ఒక్కచోట కూడా లేదు.

రూత్ గారు కర్రతో నడవడం మొదలుపెట్టాక, ఆదివారం తెలుగు ఆరాధన అయ్యాక నన్ను చర్చి హాలుకి పిలిచారు. రాత్రి డ్యూటీలకి సైకిలు మీద వెళ్లే నర్సులు, ల్యాబ్ వాళ్లు అరడజను మంది కూర్చున్నారు. నాకు తెలిసింది చెప్పాను. రోడ్డంచు తెల్లగీతని అంటుకుని నడపొద్దు, గజం లోపలికి నడపండి. అంచున ఉంటే సందులోంచి దూరిపోవచ్చని వెనకొచ్చే కారువాడు అనుకుంటాడు. అరిస్తే తిరిగి అరవొద్దు. నిర్మానుష్యమైన చోట ఆగొద్దు, దీపాలున్న పెట్రోలు బంకులోకి తిప్పేయండి. బండి నంబరు పైకి చదువుకుంటూ వెళ్లండి. ఒకామె అడిగింది: “ఇన్ని జాగ్రత్తలు మాకేనా అంకుల్? కారువాళ్లకి చెప్పేవాళ్లు లేరా?” రూత్ గారు మళ్లీ సైకిలెక్కలేదు.

ఆ తర్వాత ఇరవై రెండేళ్లు అదే ఆఫీసులో పనిచేశాను. ఆ కేసు నేర్పినదాన్ని నా కింద చేరిన ప్రతి ఇంజనీరుకీ చెప్పాను. ప్రమాదం రిపోర్టులో ముందుగా ఎక్కేది, లేచి నిలబడి మాట్లాడగలిగినవాడి మాట. పడిపోయినవాళ్ల మాట దానంతట అది ఫైలులోకి రాదు. వెళ్లి తెచ్చుకోవాలి. తెచ్చేదాకా కారణం గడిలోని కోడుని మన లెక్కలోకి ఎక్కించకూడదు.