సరోజక్క ఇచ్చేసిన పాస్‌వర్డులు

కొత్త రౌటరు అట్టపెట్టె విప్పగానే వచ్చే ప్లాస్టిక్ వాసన నాకు సరోజక్కను గుర్తుకు తెస్తుంది. కొందరికి మల్లెపూల వాసనతో గుర్తొచ్చే మనుషులుంటారు. నా అదృష్టం ఇలా ఉంది. తిరుత్తణిలో ఆమె నడిపిన చిన్న ఇంటర్నెట్ సంస్థలో నాది మొదటి ఉద్యోగం. ఊరి దాకా ఫైబర్, అక్కడ ఒక మిద్దె మీది స్తంభం నుంచి ఇళ్ళకు గాలిలో సిగ్నల్. ఇంజనీరింగ్ చదివినవాణ్ణి కాబట్టి స్తంభాలెక్కే పని సహజంగానే నాకు దక్కింది.

ఆర్.కె.పేట దగ్గర మగ్గాల వీధికి లైన్లు ఇచ్చినప్పుడు అక్క ఏ ఇంటి రౌటరు పాస్‌వర్డు ఆ ఇంటికే ఇచ్చేసింది. అన్నీ మన చేతిలో ఉంటేనే సుఖమని నేనన్నాను. నా మాట నిజమని ఆ వీధే నిరూపించింది. ఒక పెద్దాయన ఇంటికి సున్నం కొట్టించి, పీకిన కేబుల్‌ను తిరిగి పక్క పోర్టులో గుచ్చాడు. ఆయన రౌటరు వీధి మొత్తానికీ తానే పెద్దననుకుని అందరికీ తప్పుడు అడ్రసులు పంచింది. వీధంతా నెట్ పడిపోయింది. పాస్‌వర్డు మా దగ్గరుంటే ఆ పంపకాన్ని కూర్చున్నచోటి నుంచే ఆపేవాణ్ణి.

"చూసినావా అక్కా? పాస్‌వర్డులు వెనక్కి తీసుకుందాం."

"ఆయన తప్పు పక్కింటికి యాడి నుంచి పోయిందిరా? మన స్తంభం కాడి నుంచే గదా. ఆడ పెట్టు ఫైర్‌వాల్. ఒకరిది ఇంకొకరికి తగలకుండా చూసేది మన పని. ఇంట్లోది ఇంటోళ్ళది."

ఎండలో, మిద్దె మీద, అభిప్రాయభేదంతోనే పెట్టాను.

కొన్నాళ్ళకు, ఆ వీధికి నూలిచ్చి నేసిన చీరలు తీసుకుపోయే షావుకారు, అక్కడి మాటలో మొదలాళి, ఆఫీసుకొచ్చాడు. మా కనెక్షన్లలో సగం ఆయనవీ ఆయన బంధువులవీ. అదే వీధిలో మగ్గం నేసే వళ్ళియమ్మ సొంతంగా నూలు కొని, చీరలు వీడియో కాల్‌లో చూపించి నేరుగా అమ్ముకుంటోంది. అది ఆయనకు మింగుడుపడలేదు.

"ఏమమ్మా, ఆ వళ్ళి ఇంటికి నెట్ కొంచెం నిలిపెయ్యి. రిపేరని చెప్పు. ఫైర్‌వాల్ నీ చేతిలోనే ఉండాది గదా."

"ఉండాది అన్నా. ఒక ఇల్లు ఇంకో ఇంటిని పాడు చెయ్యకుండా పెట్టినాను."

"ఆమె నన్ను పాడు చేస్తా ఉండాది గదా!"

"అది యాపారం అన్నా. దానికి నా కాడ బటన్ లేదు."

ఆయన నా వైపు తిరిగాడు. "చదువుకున్నోడివి, నువ్వన్నా చెప్పప్పా." మానిటరు తుడవడం అత్యవసరమని నాకు అప్పుడే తోచింది.

"మా లైన్లన్నీ తీయించేస్తా."

"నీ లైన్లు, నీ ఇష్టం అన్నా. కాఫీ తాగి పో."

ఆయన కాఫీ తాగాడు, లైన్లూ తీయించేశాడు. ఆ దీపావళికి అక్క మాకిచ్చిన స్వీటు పెట్టెలో లడ్లు కాస్త ఎడమెడంగా కూర్చున్నాయి. వళ్ళియమ్మకు ఈ సంగతి చెప్పనివ్వలేదు అక్క. అదే నెలలో నెట్ నిదానంగా ఉందని ఫోన్ చేసి ఆమె మమ్మల్ని తిట్టింది కూడా.

"నీకు భయం లేదా అక్కా?" అని అడిగాను.

"ఎందుకు లేదురా? కానీ ఈయన కోసం ఒకసారి నిలిపితే, రేపు కోడలి ఫోన్ నిలపమని అత్త వస్తాది. అప్పుడు నేను నెట్ అమ్మేదాన్ని కాదు, ఊరికంతా మొగుణ్ణి."

ఇప్పుడు తిరువళ్ళూరులో ఒక పెద్ద సంస్థలో పనిచేస్తున్నాను. వేల ఇళ్ళ రౌటర్లు నా కుర్చీలోంచే తెరుచుకుంటాయి. మొన్న ఒక అపార్ట్‌మెంట్ కార్యదర్శి వచ్చి, సంఘాన్ని ప్రశ్నిస్తున్న ఒకావిడకు నెట్ ఆపమన్నారు. కుదరదన్నాను. పై అధికారికి చెబుతానన్నారు. నంబరు నేనే ఇచ్చాను. దీన్ని ధైర్యం అనలేను. సరోజక్క దగ్గర పనిచేసినవాడికి వేరే జవాబు నోటికి రాదు, అంతే.