గట్టిగా ఖండించిన ఇంజినీరు

సిద్ధగోరా కంపెనీ కాలనీలో మా పక్క క్వార్టరు ఇంజినీరు రేడియో వార్తలు అవగానే కళ్ళజోడు తుడుచుకునేవాడు. 1979 డిసెంబరులో రష్యా సైన్యం అఫ్గానిస్తాన్‌లో దిగినప్పుడూ, 1983 అక్టోబరులో అమెరికా సైన్యం గ్రెనడాలో దిగినప్పుడూ అతనిది ఒకటే మాట.

"ఐక్యరాజ్యసమితి ఖండించింది పిన్నీ."

"రష్యావోళ్ళని ఖండించి నాలుగేళ్ళవత్తంది. ఎనక్కెల్లారేటి?"

"ఎల్తారు. చట్టమంటూ ఉంది కదా."

నాకు మాత్రం అనుమానమే.

గ్రెనడా గొడవ జరిగిన ఆ చలికాలమే, వెనక బంగళాలో ఉండే అతని పై ఆఫీసరు కంచెను మూడడుగులు ముందుకు జరిపి, ఇతని చిక్కుడు పందిరిని తన దొడ్లో కలిపేసుకున్నాడు.

"ఏటి బాబూ, ఊరుకున్నావా?" అన్నాను.

కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"గట్టిగా ఖండించాను పిన్నీ."

అంటూనే, కంచె పక్కన మిగిలిన గులాబీ కుండీలను ఒక్కొక్కటే ఎత్తి తన ఇంటి గోడవైపు పెట్టుకున్నాడు.